కట్మాయ్ అగ్నిపర్వత సీమలో కయాక్ యాత్ర, కాలినడక: గైడుతో వెళ్లాలా, సొంతంగా వెళ్లవచ్చా?

పానగల్లు బాటసారి (నల్లగొండ)

సభ్యులందరికీ నమస్కారం. నేను జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తాను. నేను, మా బావమరిది, నా పాత విద్యార్థి ఒకరు కలిసి వచ్చే జూలైలో అలాస్కాలోని కట్మాయ్ జాతీయ ఉద్యానంలో రెండు వారాలు గడపాలని నిశ్చయించుకున్నాం. వీసాలు వచ్చాయి. విదేశీ ప్రయాణానికి శాఖాపరమైన అనుమతి కోసం దరఖాస్తు పెట్టాను. అది రావడం కంటే అలాస్కా చేరడమే సులభమని మా హెడ్మాస్టరు గారి అభిప్రాయం.

యాత్రలో రెండు భాగాలున్నాయి. మొదటిది సవనోస్కీ చుట్టు. నక్నెక్ సరస్సు ఒడ్డునున్న బ్రూక్స్ క్యాంపు దగ్గర కయాక్ (ఒకరిద్దరు కూర్చొని తెడ్డుతో నడిపే సన్నని పడవ) ఎక్కి, సరస్సు ఉత్తర పాయలోని ద్వీపాల అఖాతం దాకా తెడ్డు వేసుకుంటూ వెళ్లి, అక్కడ పడవలను భుజాలకెత్తుకొని అడవి దారిన గ్రోవెనర్ సరస్సుకు చేరి, ఆ సరస్సు నుంచి గ్రోవెనర్ నదిలోకి, దాని నుంచి సవనోస్కీ నదిలోకి, చివరకు నక్నెక్ సరస్సుకే చెందిన ఇలియుక్ పాయలోకి దిగి, బయలుదేరిన చోటికే తిరిగి రావడం. మొత్తం సుమారు 130 కిలోమీటర్లు. రెండవది, 1912లో అగ్నిపర్వతం పేలినప్పుడు బూడిదతో పూడిపోయిన పదివేల పొగల లోయలో కాలినడక.

గైడు సంస్థ చెప్పిన మొత్తం మా ముగ్గురి విమాన ఖర్చుకు దగ్గరగా ఉంది. మా బావమరిది చిన్ననాటి నుంచి సాగర్ నీళ్లలో ఈదినవాడు, నల్లమలలో సలేశ్వరం దారి కళ్లు మూసుకొని నడవగలవాడు కనుక, గైడు డబ్బు దండగ అని గట్టిగా వాదిస్తున్నాడు. ఆ ప్రాంతం తెలిసినవారు, తెలియకపోయినా నీళ్లూ కొండలూ తెలిసినవారు దయచేసి మీ అభిప్రాయం తెలపండి. ఇక్కడ ఉండి ఎలా సిద్ధపడాలో కూడా చెబితే మేలు.

మిర్యాలగూడ వలసపక్షి (యాంకరేజ్)

మాస్టారు గారికి నమస్కారం. ఉద్యోగరీత్యా యాంకరేజ్‌లో ఉంటున్నాను. మీరు చెప్పిన చుట్టును మొదట గైడుతోనూ, తరువాత మిత్రులతోనూ పూర్తి చేసినవాడిని కనుక వివరంగానే రాస్తాను.

యాంకరేజ్ నుంచి కింగ్ సాల్మన్ అనే ఊరికి విమానంలోనే వెళ్లాలి, ఎందుకంటే ఆ ఊరికి యాంకరేజ్ నుంచి రోడ్డు లేదు. అక్కడి నుంచి నీటి మీద దిగే చిన్న విమానం మిమ్మల్ని బ్రూక్స్ క్యాంపు ఒడ్డున దింపుతుంది. దిగిన వెంటనే ఎలుగుబంట్ల మధ్య ఎలా మెలగాలో రేంజర్లు పాఠం చెబుతారు. అది విననిదే ఎవరినీ ముందుకు పోనివ్వరు. క్యాంపు మైదానం చుట్టూ విద్యుత్ కంచె ఉంటుంది, అందులో రాత్రికి 60 మందికే చోటు, కాబట్టి అది ముందుగా కేటాయించుకోవాలి.

బ్రూక్స్ నుంచి ద్వీపాల అఖాతం వరకు దారి చూడటానికి చాలా తేలిక అనిపిస్తుంది. తీరం వెంట వెళుతుంటే గంటలు గడిచిపోతాయి. కాని నక్నెక్ సరస్సు సుమారు 60 కిలోమీటర్ల పొడవున్న నీరు. గాలి ఆ పొడవునా పరుగెత్తుకొని వచ్చిందంటే అరగంటలో అలలు లేస్తాయి. దగ్గరి దారి కదా అని నడిమధ్యలోంచి అడ్డంగా పోయినవారికి అప్పుడు ఒడ్డు చాలా దూరం. అఖాతంలోకి చేరాక చిన్న చిన్న దీవుల చాటు దొరుకుతుంది, యాత్ర మొత్తంలో మనసుకు హాయిగా ఉండేది అక్కడే. ఆ అఖాతం కొసన రాయ్ ఫ్యూర్ అనే వేటగాడు 1926లో స్ప్రూస్ దుంగలతో కట్టుకున్న గది ఇప్పటికీ నిలిచి ఉంది. ముందుగా రాయించుకుంటే అందులో రాత్రి బస చేయవచ్చు. దాని పక్క నుంచే గ్రోవెనర్ సరస్సుకు పడవలు మోసుకెళ్లే దారి మొదలవుతుంది. దూరం రెండున్నర కిలోమీటర్ల లోపే అయినా బురద, దోమలు, భుజం మీద పడవ, రెండోసారి సామాను కోసం వెనక్కి రావడం కలిపి సగం రోజు తినేస్తుంది.

అసలు సంగతి దాని తరువాత మొదలవుతుంది. సవనోస్కీ హిమానీనదాల నుంచి వచ్చే నది. నీరు బూడిద రంగులో ఉండి అడుగు కనిపించదు, నది అనేక పాయలుగా చీలి కలుస్తూ ఉంటుంది, ఏ పాయలో లోతు ఉందో ఏ పాయ ఇసుకలో ముగుస్తుందో నిన్న వెళ్లినవాడు కూడా ఇవాళ చెప్పలేడు. ఒడ్డు కోసుకుపోయి నీటిలోకి వాలిన చెట్ల కిందికి ప్రవాహం పడవను లాగుతుంది. వేసవి చివరికి ఆ నది ఒడ్డున ఎలుగుబంట్లు ఎంత గుమిగూడతాయంటే, రెండు నదులనూ ఒకే రోజులో దాటేసి అక్కడ గుడారం వేయకుండా ఉండటమే ఆనవాయితీ. అలా అలసిపోయి ఇలియుక్ పాయలోకి వచ్చాక, అక్కడ నిటారు ఒడ్డులు, దిగడానికి అరుదుగా దొరికే చోట్లు, కొండల మధ్య నుంచి విరుచుకుపడే గాలి ఎదురవుతాయి.

గైడు లేకుండా వెళ్లకూడదన్న నియమం ఉద్యానంలో లేదు. కాని మొదటిసారి వెళుతూ, సముద్రపు కయాక్ అనుభవం లేని ముగ్గురు గైడు లేకుండా ఇలియుక్ పాయలో దిగడాన్ని నేను సమర్థించను.

భువనగిరి గుట్ట

వలసపక్షి గారి వివరణ బాగుంది, కాని చివరి వాక్యంతో నేను ఏకీభవించను. మన ప్రాంతం వారు దేనికైనా ముందు గైడు కావాలి, ప్యాకేజీ కావాలి అనుకోవడం అలవాటైపోయింది. మలావత్ పూర్ణ 2014లో ఎవరెస్టు ఎక్కడానికి ముందు తొలి పాఠాలు నేర్చుకున్నది మా భువనగిరి గుట్ట మీదే. ఆ తరువాత ఆమె 2016లో కిలిమంజారో ఎక్కింది, అదీ అగ్నిపర్వతమే. 2022లో ఇదే అలాస్కాలోని డెనాలి ఎక్కింది. శిక్షణ గట్టిగా ఉంటే గైడుకు పెట్టే డబ్బుతో మంచి పరికరాలు కొనుక్కోవచ్చు. ఒక ఏడాది క్రమపద్ధతిలో సాధన చేసిన మనిషికి, ఏటా అదే దారిలో తిరిగే గైడు కొత్తగా ఏమి ఇస్తాడో వివరంగా చెప్పండి.

సోమశిల ఒడ్డు (కొల్లాపూర్)

భువనగిరి అన్న అడిగిన ప్రశ్నకు జవాబు నేను ఇస్తాను. మాది కృష్ణలో చేపలు పట్టే కుటుంబం. మా నాన్న పుట్టి మీద పెరిగినవాడు, నేను ఇప్పుడు యాత్రికుల మరపడవ నడుపుతున్నాను. అలాస్కా నాకు తెలియదు, కాని వెడల్పాటి నీటి మీద గాలి నాకు తెలుసు.

శ్రీశైలం వెనుక జలాలు సోమశిల దగ్గర ఎంత వెడల్పుగా ఉంటాయో చూసినవారికి తెలుస్తుంది. ఉదయం అద్దంలా ఉన్న నీరు మే నెలలో మధ్యాహ్నం మూడు దాటాక అవతలి గుట్టల మీద దుమ్ము లేచిందంటే మరో పావుగంటలో పడవను ఊపేస్తుంది. ఆ దుమ్మును చూసి, ఇవాళ అవతలికి పోవద్దు అని చెప్పగలగడమే నా పని. తెడ్డు వేయడం ఎవరైనా నేర్చుకోవచ్చు. యాత్రికులు డబ్బు కట్టి, సెలవు పెట్టుకొని, పిల్లలతో వచ్చి ఎదురుగా నిలబడి "పోదాం పదండి" అంటుంటే కాదనగలవాడు కావాలి. ఆ మాట అనడానికి ఆ నీటి ముఖం ముందే చూసి ఉండాలి. మాస్టారు గారి బావమరిది ఈతగాడే కావచ్చు, కాని ఆయనకు తిరుగు విమానం తేదీ గుర్తుంటుంది. గైడుకు అది తన తేదీ కాదు కనుక ఒడ్డున కూర్చోబెట్టగలడు.

కాబట్టి మాస్టారు గారూ, గైడు సంస్థను మీరు ముందుగా అడగవలసింది ధర గురించి కాదని నా మనవి. గాలికి ఆగిపోతే కూర్చోవడానికి కార్యక్రమంలో ఎన్ని ఖాళీ రోజులు ఉంచారు, ఆ రోజులకు కూడా తిండి మోస్తారా, ఇలియుక్ పాయ మొదట్లో గాలి తగ్గకపోతే ఏం చేస్తారు అని అడగండి. "అలాంటిది ఎప్పుడూ జరగలేదు" అని జవాబు వస్తే ఆ సంస్థను వదిలేయండి.

దేవరకొండ డాక్టరమ్మ

ఈత వచ్చు అన్న ధీమా గురించి వైద్యురాలిగా రెండు మాటలు చెప్పక తప్పదు. జూలైలో సాగర్ నీటిలో పడ్డ మనిషికీ, హిమానీనదాల నుంచి వచ్చిన నీటిలో పడ్డ మనిషికీ జరిగేది వేరు.

15 డిగ్రీల కంటే చల్లని నీటిలో హఠాత్తుగా మునిగితే శరీరం మన ప్రమేయం లేకుండా ఒక్కసారిగా పెద్దగా ఊపిరి పీల్చుతుంది. ఆ క్షణంలో నోరు నీటి కింద ఉంటే ఎంత గొప్ప ఈతగాడైనా ఆ మొదటి నిమిషంలోనే మునిగిపోతాడు. శీతల జలాల మీద పనిచేసేవారు ఒకటి, పది, ఒకటి అనే లెక్క చెబుతారు: ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవడానికి ఒక నిమిషం, చేతులు కాళ్లు చెప్పిన మాట వినే పది నిమిషాలు, శరీరం చల్లబడి స్పృహ తప్పడానికి సుమారు ఒక గంట. అంటే చలికి ప్రాణం పోయే లోపలే, చేతులు పనిచేయక పడవ పట్టుకోలేని స్థితి వస్తుంది. లైఫ్ జాకెట్ పడవలో పెట్టుకోవడం కాక ఒంటి మీద, గుండీలన్నీ బిగించి ఉండాలనేది అందుకే. నీరు లోపలికి రాని డ్రై సూట్ అద్దెకు ఇవ్వని సంస్థతో వెళ్లవద్దని నా సలహా.

నూలు బట్టలు ఇంట్లోనే వదిలేయండి. తడిసిన నూలు ఒంట్లోని వేడినంతా లాగేస్తుంది. ఉన్ని గాని, సింథటిక్ గాని తీసుకోండి. తోటి మనిషి మాట తడబడటం, గుండీ పెట్టుకోలేకపోవడం, చిరాకుపడుతూ "నాకేం కాలేదు" అనడం కనిపిస్తే శరీరం చల్లబడుతోందని అర్థం, ఆ మాట నమ్మకుండా ఒడ్డుకు చేర్చి పొడి బట్టలు తొడగాలి. మీలో ఎవరికైనా రక్తపోటు, గుండె సమస్య ఉంటే హఠాత్తుగా చల్లని నీటిలో పడటం మామూలు మనిషికంటే ఎక్కువ ప్రమాదకరం. నలభై దాటిన ఇద్దరూ బయలుదేరే ముందు గుండె పరీక్ష చేయించుకోండి.

రాళ్లసారు (మహబూబ్‌నగర్)

నేను భూగర్భ శాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. ఇప్పటివరకు వచ్చిన జవాబుల్లో ఎవరూ ఆ 1912 అగ్నిపర్వతం మాట ఎత్తకపోవడం నాకు కొంత వెలితిగా ఉంది, అందుకే రాస్తున్నాను. మీరు లోయలో నడవబోయే నేల ఆ పేలుడు తయారు చేసినదే.

1912 జూన్ 6న మొదలైన విస్ఫోటం సుమారు 60 గంటలు సాగింది. బయటికి వచ్చిన శిలాద్రవం సుమారు 13 ఘన కిలోమీటర్లు. 20వ శతాబ్దంలో అంతకంటే పెద్ద విస్ఫోటం లేదు. 160 కిలోమీటర్ల దూరంలోని కొడియాక్‌లో బూడిద కురిసి దాదాపు మూడు రోజులు చీకటి కమ్మింది. 1916లో రాబర్ట్ గ్రిగ్స్ నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీ బృందంతో కనుమ దాటి చూసినప్పుడు లోయంతా వేలాది ఆవిరి స్తంభాలు లేస్తున్నాయి. లోయకు ఆ పేరు అలా వచ్చింది, 1918లోనే దానిని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు, 1980లో జాతీయ ఉద్యానం అయింది. వేడి బూడిద కింద చిక్కుకున్న నదులూ మంచూ మరిగి వచ్చిన ఆవిరి అది. బూడిద చల్లారగానే పొగలు కూడా ఆరిపోయాయి. కాబట్టి మాస్టారు గారూ, పదివేల పొగల కోసం వెళ్లి నిరాశ పడకండి.

ఇందులో నాకు అన్నిటికంటే ఇష్టమైన అంశం ఒకటుంది. కట్మాయ్ శిఖరం కూలి గుంటగా మారడం చూసి, పేలింది అదేనని చాలా కాలం అందరూ నమ్మారు. బూడిద పొరల మందాన్ని లోయ పొడవునా కొలుస్తూ పోగా, పేలిన నోరు అక్కడికి 10 కిలోమీటర్ల దూరంలో ఉన్న నోవారుప్టా అని 1950లలో తేలింది. కట్మాయ్ కింద ఉన్న శిలాద్రవం భూమి లోపలి నుంచే పక్కకు జారి నోవారుప్టా గుండా వెళ్లిపోయింది, ఆధారం పోయిన శిఖరం కూలిపోయింది. లోయలో ఎంతో పెద్ద పర్వతాలు చుట్టూ నిలబడి ఉండగా ఆ పనంతా చేసిన నోవారుప్టా 90 మీటర్ల ఎత్తున్న నల్లని రాళ్లకుప్ప మాత్రమే. దాని ఎదుట నిలబడే అవకాశం ఉంటే వదులుకోవద్దు.

మనకూ అగ్నిపర్వత సీమ లేకపోలేదు. వికారాబాద్ అనంతగిరి గుట్టలు 6.6 కోట్ల ఏళ్ల నాటి డెక్కన్ లావా పొరలు. నారాయణపేట, మద్దూరు ప్రాంతంలో సుమారు 110 కోట్ల ఏళ్ల నాటి కింబర్లైట్ గొట్టాలున్నాయి, 150 కిలోమీటర్లకు మించిన లోతు నుంచి ఎగదన్నుకొని వచ్చిన రాయి అది. పొలం గట్ల మీద దానిని చూస్తూ ఎవరూ గుర్తించరు. డెక్కన్ లావాలో సిలికా తక్కువ కనుక పెద్దగా పేలకుండా మైళ్లకు మైళ్లు పారింది. నోవారుప్టా శిలాద్రవంలో సిలికా ఎక్కువ, అది చిక్కగా ఉండి లోపలి వాయువులను బిగబట్టి ఉంచి చివరకు నురుగై పేలింది. ఆ నురుగు గడ్డకట్టినదే ప్యూమిస్ రాయి. అది నీటిలో తేలుతుంది కాబట్టి నక్నెక్ సరస్సు ఒడ్డున అలలతో పాటు రాళ్లు కొట్టుకు రావడం మీరు చూస్తారు.

పానగల్లు బాటసారి (నల్లగొండ)

అందరికీ ధన్యవాదాలు. డాక్టరమ్మ గారు రాసినది మా బావమరిదికి రెండుసార్లు చదివి వినిపించాను. నీటి మీద గైడు ఉండాలని ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఆయన వాదన కాలినడక మీదికి మారింది. లోయలోకి బస్సు వెళుతుందట, ఇక నడకకు గైడెందుకు అంటున్నాడు. రాళ్లసారు గారు చెప్పిన నోవారుప్టా చూడకుండా తిరిగి రావడం నాకు ఇష్టం లేదు. ఈ భాగం మా అంతట మేము చేయగలమా?

మిర్యాలగూడ వలసపక్షి (యాంకరేజ్)

బ్రూక్స్ క్యాంపు నుంచి 37 కిలోమీటర్ల మట్టి రోడ్డు లోయ అంచున ఉన్న త్రీ ఫోర్క్స్ దృశ్యస్థలం దాకా వెళుతుంది. ఉదయం వెళ్లి సాయంత్రం తిరిగి వచ్చే బస్సు అదే. బస్సు దిగాక వేసిన బాట ఉండదు. మొదట విండీ క్రీక్ అనే వాగు దాటాలి, ఆ తరువాత చెట్టు, పొద, నీడ ఏవీ లేని బూడిద మైదానం. దాదాపు 100 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్న ఈ బూడిద కొన్నిచోట్ల 200 మీటర్ల మందం ఉంటుందని అంచనా.

నడక ఒంటికి పెద్ద కష్టం కాదు. ఇబ్బందంతా గాలి, వాగులు. పసిఫిక్ వైపు నుంచి కట్మాయ్ కనుమ గుండా గాలి వచ్చినప్పుడు బూడిద లేచి ఎదుటి మనిషి కనిపించడు. కళ్ల చుట్టూ బిగిసే అద్దాలు, ముక్కుకు మాస్కు లేకుండా ఆ రోజు గడవదు, మామూలు గుడారం కర్రలు విరుగుతాయి. ఇక లీథీ నది బూడిదను కోసుకుంటూ పోయి ఒక్కొక్క చోట మనిషి దూకగలనేమో అనుకునేంత ఇరుకు సందుగా మారుతుంది. ఆ సందు లోతు మాత్రం పైకి తెలియదు, పడితే పట్టుకోవడానికి గోడలో ఏమీ ఉండదు. అక్కడ దూకాలని ఎవరికీ బుద్ధి పుట్టకూడదు. వెడల్పుగా, పలచగా పారే చోటు వెతుక్కొని తెల్లవారుజామున దాటాలి. పగలు ఎండకు మంచు కరిగేకొద్దీ నీరు పెరుగుతుంది కనుక ఉదయం మోకాలి లోతున దాటిన వాగు సాయంత్రం తిరిగి రానివ్వదు. తాగే నీటిని రాత్రి పాత్రలో నిలువ ఉంచి బూడిద అడుగుకు దిగాక వడకట్టండి, లేకపోతే వడపోత గొట్టం ఒక్క రోజులో మూసుకుపోతుంది.

నా సలహా ఇది. బస్సు దిగి విండీ క్రీక్ దాటి, లీథీ నదికి ఇవతలే గుడారం వేసుకొని ఒకటి రెండు రాత్రులు గడపడం, వాగులు దాటడం తెలిసిన ముగ్గురు మీ అంతట మీరు చేయవచ్చు. నోవారుప్టా దాకా వెళ్లాలంటే నది దాటడం తప్పదు, దానికి మాత్రం తెలిసినవారు తోడుండాలి. జలయాత్ర గైడునే అడగండి, నాలుగు రోజులు అదనంగా కలపడానికి వేరే గైడును పిలిపించడం కంటే తక్కువే అవుతుంది. ఉద్యానంలో వ్యాపారం చేసే ప్రతి సంస్థకూ అధికారిక అనుమతి ఉండాలి. అది అడిగి చూడండి, సంకోచించకండి.

మరొకటి, రాళ్లసారు గారు చెప్పిన పేలుడుకు సంబంధించినదే. ఇలియుక్ పాయ మొదట్లో సవనోస్కీ అనే ఊరు ఉండేది. 1912 బూడిదకు ఊరంతా లేచి నక్నెక్ నది దిగువకు తరలిపోయింది, మళ్లీ తిరిగి రాలేదు. కయాక్ అనే పడవే ఆ ఉత్తర తీరాల మూలవాసుల సృష్టి. గైడు అక్కడ ఆపి చూపిస్తానంటే వినండి, కాని నేల మీద దొరికిన ఏ వస్తువునూ ముట్టుకోకండి.

సోమశిల ఒడ్డు (కొల్లాపూర్)

ఆ ఊరి సంగతి చదివి మా వాళ్లు గుర్తుకు వచ్చారు. శ్రీశైలం ప్రాజెక్టు కింద మా ప్రాంతంలో మునిగిన ఊళ్ల వారికి కూడా ఇలాగే ఎగువన కొత్త పేర్లతో ఇళ్ల స్థలాలు ఇచ్చారు. సోమశిల గుడులను కూడా రాయి రాయి విప్పి పైకి తెచ్చి కట్టారు. వేసవిలో నీరు తగ్గినప్పుడు పాత గోడలు కనిపిస్తాయి. ఇది అసలు విషయానికి కొంచెం పక్కదారి, క్షమించండి.

కోట్‌పల్లి తెడ్డు (వికారాబాద్)

సాధన విషయం అడిగారు కదా, నేను కయాక్ శిక్షణ ఇస్తాను. అనంతగిరి పక్కనున్న కోట్‌పల్లి జలాశయంలో చాలా మంది కయాక్ నేర్చుకుంటున్నారు, మీకు నల్లగొండ నుంచి ఒక పూట ప్రయాణం. కాని అద్దెకు ఎక్కి అరగంట తిప్పి ఫోటో దిగే పద్ధతి మీకు పనికిరాదు. శిక్షకుడితో మాట్లాడుకొని బోల్తా పడటం నేర్చుకోండి.

మొదట పడవ తిరగబడినప్పుడు నడుము చుట్టూ బిగిసిన తొడుగును లాగి తలకిందులుగా ఉండగానే బయటపడటం, ఆ తరువాత తోటి పడవవాడు మీ పడవ ముక్కును తన పడవ మీదికి లాగి నీరు కక్కించి మిమ్మల్ని మళ్లీ ఎక్కించడం, చివరగా ఎవరూ లేనప్పుడు తెడ్డు చివర గాలి సంచి తగిలించి దాని ఊతంతో ఎక్కడం. మూడింటినీ కళ్లు మూసుకొని చేయగలిగే దాకా చేయండి. ఒక్క మాట: ఇక్కడి గోరువెచ్చని నీటిలో ఐదు నిమిషాలు పట్టిన పని అక్కడ చేయలేరు, కనుక రెండు నిమిషాల్లోపు ముగిసే దాకా వదలకండి. తరువాత సామాను నింపిన పడవతో గాలి రోజున సాధన చేయండి. ఖాళీ పడవ, బరువు పడవ వేర్వేరు జంతువులు.

దయచేసి సాగర్ ఎడమ కాలువలో మాత్రం సాధన చేయవద్దు. వాలు గోడల మీద నాచు పట్టి ఉంటుంది, కాలు నిలవదు, ప్రవాహం వదలదు. ఏటా అందులో ఈత వచ్చినవారే పోతున్నారు.

భువనగిరి గుట్ట

సోమశిల అన్న రాసినది ఆలోచించవలసిన మాటే. నేను ఇంకా, కాలినడకకు గైడు లేకుండా వెళ్లడమే సబబు అంటాను, కాని నీటి విషయంలో పట్టు వదిలాను. పూర్ణ వెంట కూడా శిఖరాల మీద తెలిసినవారు ఉన్నారు, ఆ మాట నేను దాటవేయకూడదు.

కాళ్ల సాధనకు నా సూచన: రాచకొండ గుట్టల మీద గాని దేవరకొండ ఖిల్లా మెట్ల మీద గాని ఇరవై కిలోల బరువుతో ఎక్కి దిగండి. అది చాలదు, బూడిదలో కాలు కూరుకుపోతుంది కనుక వేసవిలో డిండి వాగు ఎండిన ఇసుకలో అదే బరువుతో గంటల తరబడి నడవండి. పడవ మోయడానికి ఇద్దరు కలిసి నిచ్చెన భుజాన వేసుకొని గుట్ట చుట్టూ తిరిగినా సరిపోతుంది. ఊరివాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

నారాయణపేట వంటిల్లు

తిండి గురించి ఎవరూ రాయలేదు. మాంసం, మాంసం కలిసిన పదార్థాలు అమెరికా కస్టమ్స్ వారు తీసేస్తారు, కాబట్టి అవి పెట్టుకోకండి. నిప్పు లేకుండా తినగలిగేవి ఎక్కువగా తీసుకోండి: వేయించిన అటుకులు, పల్లీ పట్టీలు, సత్తు పిండి, నువ్వుల లడ్డూలు, కడక్ జొన్న రొట్టెలు. ఈ రొట్టెలు వారాల పాటు చెడిపోవు, సంచిలో విరిగినా రుచి మారదు. నాకొక సందేహం ఉంది, వెల్లుల్లి కారం, ఆవకాయ వంటివి అక్కడి ఎలుగుబంట్లకు వాసన కొడతాయా?

మిర్యాలగూడ వలసపక్షి (యాంకరేజ్)

కొడతాయి అమ్మా, పళ్లు తోముకునే పేస్టు కూడా కొడుతుంది. కట్మాయ్‌లో దాదాపు 2200 గోధుమ రంగు ఎలుగుబంట్లు ఉన్నాయని అంచనా. వాసన వచ్చే ప్రతి వస్తువూ ఎలుగు తెరవలేని గట్టి డబ్బాలోనే ఉండాలి, అది నియమం. వంట చేసే చోటు, డబ్బా పెట్టే చోటు గుడారానికి కనీసం 100 గజాల దూరంలో ఉండాలి. ఆవకాయ తేవద్దని నేను అనను, సీసాలో కాకుండా రెండు పొరల సంచిలో తెచ్చి, తిన్న గిన్నెను అక్కడే కడగకుండా వదిలి గుడారంలోకి రావద్దంటాను.

ఎలుగుకు 50 గజాల లోపలికి పోకూడదు, అది మీ వైపు వస్తే పరుగెత్తకూడదు, ముగ్గురూ దగ్గరగా నిలబడి నెమ్మదిగా మాట్లాడుతూ దారి వదలాలి. ఎలుగు మీద పడకుండా కొట్టే మిరపకారపు స్ప్రే, పొయ్యి గ్యాసు డబ్బాలు ప్రయాణికుల విమానంలో సామానుగా కూడా అనుమతించరు. కింగ్ సాల్మన్‌లో కొనుక్కోండి లేదా గైడునే సమకూర్చమనండి. నీటి మీద దిగే విమానం ఎక్కేటప్పుడు స్ప్రే ఉందని పైలట్‌కు చెప్పండి, అతను దానిని మనుషులు కూర్చునే చోట కాకుండా విమానం అడుగున నీటిపై తేలడానికి ఉండే తొట్టి అరలో పెడతాడు.

పానగల్లు బాటసారి (నల్లగొండ)

మా నిర్ణయం తెలియజేస్తున్నాను. జలయాత్ర మొత్తం గైడుతోనే చేస్తాం. సోమశిల ఒడ్డు గారు చెప్పిన మూడు ప్రశ్నలనూ రెండు సంస్థలకు రాశాను. ఒకరు గాలికి మూడు ఖాళీ రోజులు కలిపామని, ఇలియుక్ పాయలో గాలి తగ్గకపోతే చిన్న విమానాన్ని సవనోస్కీ ముఖద్వారం దగ్గరికి పిలిపించే ఏర్పాటు ఉందని, దానికయ్యే ఖర్చు మేమే భరించాలని స్పష్టంగా రాశారు. ఇంకొకరు అందమైన ఫోటోలు పంపారు. మొదటివారినే ఖాయం చేసుకున్నాం. కాలినడకలో లీథీ నదికి ఇవతల మేమే ఉంటాం. అదే గైడు ఖాళీగా ఉంటే నోవారుప్టా దాకా వెళతాం, లేకపోతే లేదు. రాళ్లసారు గారు నన్ను క్షమించాలి. కోట్‌పల్లి తెడ్డు గారికి విడిగా సందేశం పంపాను, వచ్చే నెల మొదటి ఆదివారం నుంచి ముగ్గురం వస్తాం.

దేవరకొండ డాక్టరమ్మ

సంతోషం. మారుమూల ప్రాంతం నుంచి విమానంలో తరలించే ఖర్చు వర్తించే ప్రయాణ బీమా తీసుకోండి, సాధారణ ప్రయాణ బీమాలో అది ఉండకపోవచ్చు. కయాక్, పర్వత నడక అనే పదాలు పత్రంలో మినహాయింపుల కింద ఉన్నాయేమో చదివి సంతకం చేయండి.

మిర్యాలగూడ వలసపక్షి (యాంకరేజ్)

ఒక చివరి జాగ్రత్త. లోపల ఎక్కడా మొబైల్ సంకేతం ఉండదు కనుక ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరం తప్పనిసరి. దానిని ఇక్కడే అద్దెకు తీసుకొని ఇక్కడే తిరిగి ఇచ్చేయండి. అలాంటి పరికరాలను టెలికాం శాఖ అనుమతి లేకుండా భారతదేశంలోకి తేవడం చట్టవిరుద్ధం, విమానాశ్రయంలో వాటితో పట్టుబడి కేసుల్లో చిక్కుకున్న విదేశీ యాత్రికులు ఉన్నారు. చవకగా వచ్చిందని కొని సంచిలో వేసుకోకండి. యాంకరేజ్‌లో నా దగ్గర ఒకటి ఉంది, వచ్చాక ఫోన్ చేయండి, ఇస్తాను.